బందరు ఎందుకు ఆగిపోయింది, విశాఖ ఎందుకు పెరిగింది?

బందరువాసి
మా ఊరి ప్రస్తావన వస్తే చాలు, అందరి నోటా ఒకటే మాట: "1864 తుఫానుతో బందరు పని అయిపోయింది." ఆ ఏడాది నవంబరు 1న ఉప్పెన వచ్చిన మాట నిజం, ముప్పై వేల మంది దాకా పోయిన మాటా నిజం. కానీ రెండున్నర శతాబ్దాల రేవును ఒక్క రాత్రి నీళ్లు చంపేశాయంటే నాకు నమ్మకం కుదరదు. తుఫాను దెబ్బ తిన్న ఊళ్లు మళ్లీ లేవలేదా? గోల్కొండ సుల్తానుల కాలంలో వజ్రాలు, అద్దకం బట్టలు మా రేవు నుంచే పర్షియాకు వెళ్లేవి. డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు, ఆ తర్వాత ఫ్రెంచివారు వరసగా వచ్చి దిగింది ఇక్కడే. అలాంటి ఊరి పిల్లలు ఇప్పుడు చదువు పూర్తికాగానే హైదరాబాదు బస్సు ఎక్కుతున్నారు.

ఒక ఊరు పెరగడానికి, ఆగిపోవడానికి అసలు కారణం ఏమిటి? ప్రకృతా, డబ్బా, ప్రభుత్వమా? మీ మీ ఊళ్ల సంగతులు కూడా రాయండి. "తలరాత" అని మాత్రం దయచేసి అనకండి.

లెక్కల_మాస్టారు
ముందు సముద్రాన్ని చూడండి. బందరు దగ్గర తీరం బాగా మెరక. కృష్ణమ్మ తెచ్చిన ఒండ్రు అంతా అక్కడే పేరుకుంటుంది. పెద్ద ఓడలు మైళ్ల దూరంలో లంగరు వేసుకుంటే చిన్న పడవల్లో సరుకు మోయాల్సి వచ్చేది. ఓడలు చిన్నవిగా ఉన్నంత కాలం అది నడిచింది, ఆవిరి ఓడలు వచ్చాక నడవలేదు. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ అడ్డుగా ఉంది, లోతు ఉంది. ఇందులో ప్రభుత్వాల పాత్ర ఎంత?

బెజవాడ_బస్టాండు
మాస్టారి మాటే నా మాట. సముద్రంతో ఎవరూ పోట్లాడలేరు.

బందరువాసి
మాస్టారూ, మీరు చెప్పిన లెక్క ప్రకారం చూస్తే మద్రాసు అసలు పుట్టకూడదు. అక్కడ రేవు అనదగ్గది ఏదీ లేదు. ఓడలు రాగల నదీముఖం లేదు, కొండ అడ్డు లేదు, అలలు నేరుగా వచ్చి ఒడ్డును కొట్టే ఇసుక తీరం. సరుకును మసూలా పడవల్లో అలల మీదుగా దాటించేవారు. 1870లలో రాతి గోడలు కట్టి కృత్రిమ రేవు మొదలుపెట్టారు. 1881 తుఫాను వాటిని పడగొట్టింది. వదిలేశారా? లేదు, మళ్లీ కట్టారు. ఎందుకంటే అది రాజధాని. పదిహేడేళ్ల ముందు తుఫాను తిన్న బందరుకు ఆ రాళ్లు రాలేదు. రెండు ఊళ్ల మీదా విరుచుకుపడింది ఒకే సముద్రం. ఖజానా ఏ ఊరి వైపు నిలబడిందన్నదే తేడా.

చరిత్ర_పిచ్చి
ఈ చర్చా దారానికి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

బందరు పతనం 1864లో మొదలు కాలేదు, అంతకు రెండు వందల ఏళ్ల ముందే మొదలైంది. 1639లో ఇంగ్లీషు కంపెనీకి మద్రాసులో కోట కట్టుకోవడానికి చోటు దొరికింది. 1641 నాటికి తూర్పు తీరంలో తమ ముఖ్య కార్యాలయాన్ని బందరు నుంచి అక్కడికి మార్చుకున్నారు. బందరులో గోల్కొండ అధికారుల మాట వినాలి, సుంకాల దగ్గర బేరాలు ఆడాలి. మద్రాసులో వాళ్ల మాటే చట్టం. వ్యాపారికి లోతైన సముద్రం కంటే తన చేతిలో ఉండే కోట ఎక్కువ లాభం.

రెండో దెబ్బ 1687. ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాడు. బందరు రేవు బతికిందే గోల్కొండ రాజ్యం కొనుగోళ్ల మీద, సుల్తానుల సొంత ఓడల మీద. వెనకాల రాజధాని కూలిపోతే ముందున్న రేవు ఎలా నిలబడుతుంది?

మూడోది నేతగాళ్లకు తగిలిన దెబ్బ. మన అద్దకం బట్టలు ఇంగ్లండులో విపరీతంగా అమ్ముడుపోతుంటే అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు గొడవ చేశారు. 1700లో ఒక చట్టం, 1721లో ఇంకా గట్టి చట్టం తెచ్చి వాటి వాడకాన్నే అడ్డుకున్నారు. తర్వాత మిల్లు బట్ట వచ్చింది, అది ఎదురు దిశలో మన మీదికి వచ్చింది. 1759లో ఫ్రెంచివారి నుంచి ఇంగ్లీషువారు బందరును గెలుచుకునే నాటికి వాళ్ల చూపు మద్రాసు, కలకత్తాల మీదే ఉంది.

ఆ తర్వాత వచ్చింది తుఫాను. అప్పటికే బక్కచిక్కిన ఊరి మీద పడింది కాబట్టే అది అంత లోతుగా తగిలింది.

లెక్కల_మాస్టారు
చరిత్ర బాగా చెప్పారు. కానీ మీరు చెప్పినవన్నీ కలిపినా ఒండ్రు తీయలేవు.

కాకినాడ_కాజా
మధ్యలో మా ఊరిని మరిచిపోయారు. మా దగ్గరా గోదావరి ఒండ్రే. పక్కనే ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే ఊరు. 1789లో, 1839లో రెండు పెద్ద ఉప్పెనలు దాన్ని ముంచాయి. కానీ కాకినాడ లేచింది, ఎందుకు? 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలువలు తవ్వారు. అవి పొలాలకు నీళ్లివ్వడంతో ఆగలేదు, పడవల దారులు కూడా అయ్యాయి. డెల్టా ధాన్యమంతా ఆ దారిన కాకినాడకు చేరేది. 1860లలో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి ఇంగ్లండు మిల్లులకు పత్తి ఆగిపోతే ఆ గిరాకీతో మా రేవు ఇంకో మెట్టెక్కింది. ఎక్కడో యుద్ధం, ఇక్కడ గిడ్డంగులు.

ఇక హోప్ ఐలాండ్ మా రేవుకు అడ్డుగోడ. కాబట్టి ప్రకృతీ ఉంది, పెట్టుబడీ ఉంది. ఒకదాన్ని తీసేస్తే రెండోది పనిచేయదు.

బెజవాడ_బస్టాండు
కాకినాడ వారూ, కాలువలంటే బందరుకు కూడా ఉంది కదా. కృష్ణ ఆనకట్ట 1855కి పూర్తయింది. మా ఊరి నుంచి వెళ్లే ఆ కాలువ పేరే బందరు కాలువ. మరి అది ఎందుకు నిలబెట్టలేకపోయింది?

చరిత్ర_పిచ్చి
మీ ఊరే కారణం, కోపం తెచ్చుకోకండి! 1889లో నిజాం రైలు బెజవాడ దాకా వచ్చింది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన తెరిచారు. ఆపైన మద్రాసు–కలకత్తా దారి పూర్తయింది. అప్పటి నుంచి హైదరాబాదు సరుకు, డెల్టా సరుకు బెజవాడలో రైలెక్కి మద్రాసుకు పోవడం మొదలుపెట్టాయి. బందరుకు రైలు కొమ్మ లైనుగా 20వ శతాబ్దం మొదట్లో గాని రాలేదు. అప్పటికి వర్తకులు దారి మార్చుకున్నారు. రైలు దారి ఎటు పోవాలో గీసినవాళ్లు కృష్ణా జిల్లా జనాన్ని అడగలేదు. సైన్యం కదలికలు, మద్రాసు రేవు అవసరాలు చూసుకుని గీశారు.

బెజవాడ_బస్టాండు
కోపమేమీ లేదు. మా ఊళ్లో అన్నిటికంటే పెద్ద రోడ్డుకు మహాత్మా గాంధీ పేరు పెట్టినా జనం ఇంకా బందరు రోడ్డు అనే అంటున్నారు. ఆ గౌరవం చాలదా!

బందరువాసి
రోడ్డు పేరు మాకు, రోడ్డు మీద దుకాణాలు మీకు. న్యాయంగానే ఉంది. ఆ లెక్కన రెండు లడ్డూలు పంపిస్తాను.

రంగూన్_మనవరాలు
కోరంగి పేరు చూసి ఆగలేకపోయాను. మా తాతగారు కాకినాడలో ఓడ ఎక్కి రంగూన్ వెళ్లి రేవులో కూలిపని చేశారు. ఆ రోజుల్లో తూర్పు తీరం నుంచి వేల మంది అలాగే వెళ్లేవారు. బర్మాలో బియ్యం మిల్లులు, రేవు పనులు తెలుగువాళ్ల భుజాల మీద నడిచాయి. మన డెల్టాలో భూమి లేనివాళ్లకు, శ్రీకాకుళం, విశాఖ జిల్లాల పేదలకు అదే దారి. 1930లో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగి ఎందరో చనిపోయారు. 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు జనం కొండలు, అడవులు దాటుకుంటూ నడిచి వచ్చారు. మా నాయనమ్మ అలా నడిచి వచ్చినవాళ్లలో ఒకరు.

మీరంతా ఊరు ఎందుకు పెరిగింది అంటున్నారు. పెరిగిన ప్రతి ఊరికీ వెనక ఖాళీ అయిన ఊళ్లు ఉంటాయి. రంగూన్ పెరగడానికి మా పల్లె ఖాళీ అయింది. ఆ లెక్క కూడా రాయండి.

ఉక్కు_కాలనీ
పై పోస్టు చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఇక విశాఖ గురించి నాకు తెలిసింది చెబుతాను.

మాస్టారు డాల్ఫిన్స్ నోస్ అన్నారు. ఆ కొండ వేల ఏళ్లుగా అక్కడే ఉంది. 20వ శతాబ్దం మొదలయ్యే దాకా విశాఖ చిన్న ఊరే. కొండ ఊరిని పెంచలేదు. మధ్య భారతంలోని మాంగనీసును బయటికి పంపడానికి బెంగాల్ నాగపూర్ రైల్వేకు దగ్గర దారి కావాల్సి వచ్చింది. 1931లో రాయపూర్–విజయనగరం లైను పూర్తయింది, 1933లో రేవు తెరిచారు. ఎవరికో ఖనిజం కావాలి కాబట్టి మాకు రేవు వచ్చింది.

రెండోసారీ అంతే. 1941లో సింధియా కంపెనీ ఓడల కర్మాగారానికి శంకుస్థాపన చేసింది. 1948లో నెహ్రూ ఇక్కడ 'జల ఉష' ఓడను నీళ్లలోకి దించారు. 1957లో చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది. 1960లలో బస్తర్‌లోని బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపడానికి కొత్తవలస–కిరండోల్ లైను వేశారు. అరకు వెళ్లేటప్పుడు జనం కిటికీలోంచి చూసి మురిసిపోయే ఆ సొరంగాలన్నీ ఖనిజం కోసం తవ్వినవే.

మూడోది మాత్రం ఎవరూ ఇచ్చింది కాదు, కొట్లాడి తెచ్చుకున్నది. 1966లో ఉక్కు కర్మాగారం కోసం రాష్ట్రమంతా లేచింది. కాల్పుల్లో 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ ప్రకటించారు, 1971లో శంకుస్థాపన చేశారు, 1992లో పీవీ నరసింహారావు జాతికి అంకితం చేశారు. ప్రకటన నుంచి అంకితం దాకా ఇరవై రెండేళ్లు!

ఇంకో వైపు కూడా చెప్పాలి. కర్మాగారం కోసం అరవైకి పైగా ఊళ్లు లేచిపోయాయి. వాటిలో మాదొకటి. ఇంటికో ఉద్యోగం అన్నారు, నిర్వాసితులకు ఆర్ కార్డులు (పునరావాస కార్డులు) ఇచ్చారు. మా నాన్నకు ఉద్యోగం వచ్చింది, మా బాబాయికి రాలేదు. ఆ కార్డును ఆయన ఇప్పటికీ బీరువాలో దాచుకున్నారు. మా ఇంట్లో పండగకు ఇద్దరూ కలిసి కూర్చుంటే ఆ కర్మాగారం మాట ఎవరూ ఎత్తరు.

లెక్కల_మాస్టారు
ఉక్కు కాలనీ గారూ, మీ బాబాయిగారి సంగతి చదివి బాధ కలిగింది. కానీ చూడండి, మీరు చెప్పిన మూడు కారణాలూ ఆ లోతైన రేవు ఉన్న చోటే వచ్చి వాలాయి. బందరులో మాంగనీసు రేవు ఎవరూ కట్టలేదు, కట్టలేరు కాబట్టి.

ఉక్కు_కాలనీ
కొండ ఉంటే చాలదని అంటున్నాను, కొండ అక్కర్లేదని అనలేదు. ఒక మాట అడుగుతాను. మా కర్మాగారానికి ఇప్పటిదాకా సొంత ఇనుప గనులు లేవు. పక్క నుంచే బైలడిల్లా ఖనిజం రైళ్లలో పోతుంటే మేం బయట కొనుక్కుంటున్నాం. గనులున్న కర్మాగారాలతో పోటీపడి, నష్టం వచ్చిందని 2021లో అమ్మకానికి నిర్ణయం తీసుకున్నారు. గని ఇవ్వకపోవడం ప్రకృతి పనా?

ఓరుగల్లు_నూలు
తీరం వాళ్లంతా సముద్రం దగ్గరే తిరుగుతున్నారు. సముద్రమే లేని మా ఊరి కథ వినండి.

వరంగల్‌లో 1934లో ఆజంజాహి మిల్లు పెట్టారు. చుట్టూ పత్తి పండుతుంది, రైలు ఉంది, కాజీపేట జంక్షను ఉంది. మా పెదనాన్న అక్కడ పనిచేశారు. మిల్లు సైరను మోగితే ఊరంతా గడియారాలు సరిచేసుకునేదట. జీతం రోజు బట్టల దుకాణాల నుంచి మిర్చి బజ్జీల బండి దాకా కళకళలాడేదట. తర్వాత పాత యంత్రాలను మార్చలేదు, ఆర్థిక సంస్కరణల కాలంలో పట్టించుకున్నవారు లేరు, చివరికి మూతపడింది. పత్తి ఇప్పటికీ పండుతూనే ఉంది. పత్తి పండించిన రైతు అప్పుల పాలవుతున్నాడు, నేత తెలిసినవాడు సూరత్ వెళ్తున్నాడు, భివండీ వెళ్తున్నాడు.

రెండో కథ కోచ్ ఫ్యాక్టరీ. 1980లలో కాజీపేటకు వస్తుందన్నారు. దేశ రాజకీయాల లెక్కలు మారాయి, అది పంజాబులోని కపుర్తలాకు వెళ్లిపోయింది. అక్కడ ఒక పట్టణం పుట్టింది. మాకు 2023లో వ్యాగన్ల తయారీ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. నలభై ఏళ్లలో ఒక తరం చదువుకుని, ఉద్యోగం కోసం ఊరు వదిలి, అక్కడే స్థిరపడిపోయింది. మాస్టారూ, కపుర్తలాలో ఏ కొండ ఉంది, ఏ లోతు ఉంది?

బందరువాసి
ఈ చివరి ప్రశ్న కోసమే ఈ దారం మొదలుపెట్టాను.

లెక్కల_మాస్టారు
ఫ్యాక్టరీని ఎక్కడైనా కట్టొచ్చు, రేవును కట్టలేం. రెండింటినీ కలపకండి.

కొండారెడ్డి_బురుజు
ఊరి బతుకు ఒక్క సంతకంతో ఎలా మారుతుందో చూడాలంటే కర్నూలు రండి. 1937లో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో రాజధానిగాని హైకోర్టుగాని, ఏది కావాలో కోరుకునే హక్కు రాయలసీమకు ఇచ్చారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. భవనాలు చాలక గుడారాల్లో కచేరీలు నడిచాయి. మా తాతగారు ఇంటి ముందు గది ఒక గుమాస్తాకు అద్దెకిచ్చారు. మేడ మీద ఇంకో అంతస్తు వేయాలని ఇటుకలు కూడా కొన్నారు. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు వెళ్లింది, గుమాస్తా కూడా వెళ్లాడు. హైకోర్టు అప్పటికే గుంటూరులో ఉంది, అదీ హైదరాబాదుకే పోయింది. మూడేళ్ల రాజధాని మిగిల్చింది ఇదీ.

ఆ తర్వాత శ్రీశైలం డ్యాం వచ్చింది. వందకు దగ్గరగా ఊళ్లు నీళ్లలో మునిగాయి. కరెంటు ఎక్కడికి పోయింది, నీళ్లు ఎక్కడికి పోయాయి, ఊళ్లు ఎవరివి పోయాయి? మునిగిన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు కర్నూలు చుట్టూ గుడిసెలు వేసుకున్నారు. లెక్కల్లో అదీ పట్టణం పెరగడమే. పెరుగుదల అన్నదంతా బాగు కాదు.

పట్నం_ప్లానర్
నేను హైదరాబాదులో పట్టణ ప్రణాళిక పనిలో ఉన్నాను. ఇక్కడ అందరూ "ఐటీ వచ్చింది, హైదరాబాదు పెరిగింది" అంటారు. ఆ కథ మధ్యలోంచి మొదలుపెట్టినట్టు ఉంటుంది.

1960లలో కేంద్ర ప్రభుత్వం ఇక్కడ పెద్ద సంస్థలు పెట్టింది. రామచంద్రాపురంలో భారీ విద్యుత్ యంత్రాల బీహెచ్‌ఈఎల్, బాలానగర్‌లో మందుల ఐడీపీఎల్, తూర్పున ఎలక్ట్రానిక్స్ ఈసీఐఎల్. ఎందుకు ఇక్కడ? నిజాం పాలన నుంచి వచ్చిన విశాలమైన ప్రభుత్వ భూమి, దేశం మధ్యలో ఉండటం, సరిహద్దులకు దూరం. ఐడీపీఎల్‌లో మందుల తయారీ నేర్చుకున్న రసాయన శాస్త్రజ్ఞులు బయటికి వచ్చి సొంత కంపెనీలు పెట్టారు. డాక్టర్ రెడ్డీస్ వ్యవస్థాపకుడు అంజిరెడ్డి అలా వచ్చినవారే. దానికి తోడు 1970 పేటెంట్ చట్టం. మందుకు కాకుండా దాన్ని తయారుచేసే పద్ధతికే పేటెంటు అన్నారు కాబట్టి వేరే పద్ధతిలో అదే మందు తయారుచేసుకునే వీలు కలిగింది. ఢిల్లీలో ఒక చట్టం, ఇక్కడ ఒక పరిశ్రమ. ఆ పరిశ్రమ వదిలిన నీళ్లతో పటాన్‌చెరు, బొల్లారం చుట్టుపక్కల చెరువులు, బావులు పాడైపోయాయి. అదీ ఆ కథలో భాగమే.

1998 నవంబరులో సైబర్ టవర్స్‌ను వాజపేయి ప్రారంభించారు. మాదాపూర్ అప్పుడు రాళ్లూ తుప్పలూ. దాన్ని ఎంచుకున్న రోజే నగరం పడమటికి తిరిగింది. 2008లో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్ వెళ్లింది, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. రోడ్డు ఎటు వెళ్తుందో ముందుగా తెలిసినవాళ్లకు ఎకరాలు బంగారమయ్యాయి, తెలియనివాళ్లు ముందే అమ్ముకున్నారు. నా ఉద్యోగంలో నేను చూసిన అతి పెద్ద అన్యాయం ఇదే. పటం మీద గీత గీసిన రోజుకూ అది జనానికి తెలిసిన రోజుకూ మధ్య ఉన్న ఎడంలోనే ఆస్తులు పుడతాయి. రోడ్డు వేసింది ప్రజల డబ్బుతో. దాని పక్కన పెరిగిన ధర మాత్రం ప్రజలకు తిరిగి రాదు.

పాతబస్తీ_ఇరానీ_చాయ్
ప్లానర్ సాబ్, పడమర సంగతి చెప్పారు, దక్షిణం వదిలేశారు. నగరం 1591లో పుట్టింది మా దగ్గర. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు, నగరాభివృద్ధి బోర్డు పెట్టారు. అప్పుడు పాలకుడి ఇల్లు, జనం ఇల్లు ఒకే నగరంలో ఉండేవి. 2017లో మెట్రో వచ్చింది. మూడు లైన్లలో రెండు పూర్తయ్యాయి. మా వైపు వచ్చేది ఎంజీబీఎస్ బస్టాండు దగ్గర ఆగిపోయింది, ఫలక్‌నుమా దాకా మిగిలిపోయింది. మసీదులు, గుళ్లు అడ్డం అన్నారు, భూసేకరణ అన్నారు. హైటెక్ సిటీకి వెళ్లేటప్పుడు ఏ అడ్డమూ కనిపించలేదా? మా చెల్లెలు రోజూ రెండు బస్సులు మారి గచ్చిబౌలి వెళ్తుంది. జీతంలో కొంత, ఆయుష్షులో కొంత దారిలోనే పోతోంది.

పట్నం_ప్లానర్
అడ్డంకులు నిజంగానే ఉన్నాయి. కానీ వాటిని తొలగించాలన్న పట్టుదల అన్ని దిక్కులకూ సమానంగా లేదన్నది కూడా నిజం. మీ మాట కాదనలేను.

తుళ్లూరు_నేల
అమరావతి రాజధాని పేరుతో 2015లో మా ఇరవై తొమ్మిది ఊళ్లలో ముప్పై మూడు వేల ఎకరాలకు పైగా భూసమీకరణకు ఇచ్చాం. మూడు పంటలు పండే నేల. ఏటా కౌలు, బదులుగా అభివృద్ధి చేసిన ప్లాటు అన్నారు. 2019 తర్వాత పనులు ఆగాయి, మూడు రాజధానులన్నారు. 2022 మార్చిలో హైకోర్టు మాకు అనుకూలంగా తీర్పు చెప్పింది. 2024 తర్వాత మళ్లీ యంత్రాలు కదులుతున్నాయి. ఎన్నికల ఫలితాలు వచ్చిన రోజు మా ఊళ్లో ఎవరూ పార్టీల గురించి మాట్లాడుకోరు. ప్లాటు ధర గురించి, కూతురి పెళ్లి గురించి మాట్లాడుకుంటారు.

కొండారెడ్డి_బురుజు
మీ బాధ అర్థమైంది. కానీ రాజధాని మొత్తం ఒకే చోట పోగుపడితే మాలాంటి జిల్లాల గతి ఏమిటి? 1956లో చూశాం, 2014లో చూశాం. అన్నీ హైదరాబాదులో పెట్టి, చివరికి విడిపోయినప్పుడు మిగతా పదమూడు జిల్లాలకూ హైదరాబాదంత నగరం లేకుండా పోయింది.

తుళ్లూరు_నేల
పంచండి, కాదనను. కానీ రైతు సంతకం చేశాక పంచుతామంటే ఎలా? అది ముందే చెప్పాలి.

నాగలి
మీ ఊళ్లోనే కౌలుకు చేసుకుని, కూలికి వెళ్లి బతికినవాళ్లు కూడా ఉన్నారు కదా. భూమి ఉన్నవాడికి ప్లాటు వచ్చింది. భూమి లేనివాడికి నెలకు రెండున్నర వేల పింఛను వచ్చింది. పొలం పోయాక కలుపు తీసే పని కూడా పోయింది. వాళ్ల సంగతి ఈ దారంలో ఇప్పటిదాకా ఎవరూ ఎత్తలేదు.

వేదిక_నిర్వాహకుడు
ఈ అంశం మీద పార్టీల పేర్లతో రాసిన నాలుగు పోస్టులు తీసేశాను. ఊళ్ల గురించి రాయండి, నాయకులను తిట్టడానికి వేరే దారాలు చాలా ఉన్నాయి.

ఉక్కు_కాలనీ
నాగలి గారి మాటకు నా వైపు నుంచి ఒకటి. 2020 మే 7న విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి గ్యాస్ లీకై జనం నిద్రలోనే కుప్పకూలారు. ఆ ఫ్యాక్టరీ 1961లో పెట్టినప్పుడు ఊరికి బయట ఉంది. ఊరు దాని చుట్టూ పెరిగింది. పేదవాళ్లు అక్కడే ఎందుకు ఇళ్లు కట్టుకున్నారు? స్థలం చవక కాబట్టి. ప్రమాదం ఉన్న చోటే చవక. నగరం ఎవరిని ఎక్కడ నివసించమని చెబుతుందో అర్థం చేసుకోవడానికి నాకు ఇంతకంటే వేరే పుస్తకం అక్కర్లేదు.

బందరువాసి
చాలా విషయాలు తెలిశాయి. ఒక సంగతి నేనూ కలుపుతాను. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు ఆంధ్రా బ్యాంకును స్థాపించింది మా బందరులోనే. కృష్ణా పత్రిక ఇక్కడిదే, జాతీయ కళాశాల ఇక్కడిదే. రేవు పోయినా ఊళ్లో డబ్బు, చదువు, ఆలోచన ఉండేవి. తర్వాత బ్యాంకు ప్రధాన కార్యాలయం హైదరాబాదు వెళ్లింది. 2020లో బ్యాంకే యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. రాజధాని ఎక్కడుంటే ప్రధాన కార్యాలయం అక్కడికి వెళ్తుంది. దాని వెనక వకీళ్లు, లెక్కల నిపుణులు, వాళ్ల పిల్లల బళ్లు. ఏ తుఫానూ రాకుండానే ఊరు ఖాళీ అవుతుంది.

ఇప్పుడు కొత్త రేవు కడుతున్నారు. 2008లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో ఇంకోసారి పనులకు ప్రారంభోత్సవాలు చూశాం. ఈసారి సముద్రంలో రాళ్లు నిజంగానే పడుతున్నాయి. హైదరాబాదు నుంచి వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి మా ఊళ్లోనే ముగుస్తుంది. తెలంగాణకు సముద్రం లేదు, మాకు సరుకు లేదు. గోల్కొండ నాటి దారి మళ్లీ తెరుచుకోవచ్చు.

ఓరుగల్లు_నూలు
మా వైపు నుంచి పత్తి, మిర్చి, గ్రానైటు పంపడానికి అది దగ్గర రేవే అవుతుంది. రైలు లైను సామర్థ్యం పెంచితేనే సుమా.

గిలకలదిండి
మాది వేట చేసుకునే కుటుంబం. రేవు రావాలనే మేమూ కోరుకుంటున్నాం, మా పిల్లలు కూడా క్రేన్ల మీద పనిచేయాలని ఉంది. కానీ పడవలు ఎటు నుంచి సముద్రంలోకి వెళ్లాలి, పెద్ద ఓడల దారిలో వల వేయనిస్తారా లేదా అని మేం అడుగుతుంటే, సమావేశానికి వచ్చినాయన "అభివృద్ధికి అడ్డం పడొద్దు" అన్నాడు. అడగడం అడ్డం పడటమా?

ఉక్కు_కాలనీ
గిలకలదిండి అన్నా, ఒక్క సలహా. మాటగా ఇచ్చిన హామీ ఏదీ నమ్మకండి. ఎవరి కుటుంబానికి ఏ ఉద్యోగం, ఎప్పటిలోగా, కాంట్రాక్టు కింద కాదా అవునా, అన్నీ కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితాన్ని గ్రామసభ తీర్మానంలో పెట్టించండి. మా నాన్న తరం అది చేయలేదు.

పట్నం_ప్లానర్
పర్యావరణ అనుమతి పత్రాల్లో మత్స్యకారుల జీవనోపాధి మీద షరతులు ఉంటాయి. ఆ పత్రాల ప్రతి సంపాదించుకోండి. చదవడానికి సాయం కావాలంటే నాకు ఇక్కడే సందేశం పంపండి, తెలుగులో వివరంగా రాసి ఇస్తాను.

గిలకలదిండి
పంపిస్తాను. మా సంఘం పెద్దలతో కూడా మాట్లాడించాలి.

లెక్కల_మాస్టారు
అన్నీ చదివాను. రేవు కడితే సంతోషమే, మొదటి ఓడ వచ్చిన రోజు నేనూ వచ్చి చూస్తాను. కానీ నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. కృష్ణ ఒండ్రు ఆగదు. ఓడల దారిలో పూడిక ఏటా తీయాలి. ఆ ఖర్చు రేవు నడిపే కంపెనీదా, ప్రభుత్వానిదా? సరుకు తక్కువ వచ్చిన ఏడాది ఎవరు భరిస్తారు? ఒప్పందంలో ఆ షరతు చదివినవాళ్లు ఎవరైనా ఉంటే రాయండి.

బందరువాసి
సోమవారం కలెక్టరేటుకు వెళ్తున్నాను మాస్టారూ, మా దగ్గర మిగిలిన పెద్ద కార్యాలయం అదే కదా. ఒప్పందం ప్రతి కోసం సమాచార హక్కు దరఖాస్తు పెడతాను. మీ పూడిక ప్రశ్న, గిలకలదిండి గారి పడవల దారి ప్రశ్న, రెండూ అందులో రాస్తాను. ఇంకేమైనా చేర్చాలంటే ఆదివారం లోగా ఇక్కడ పెట్టండి.